ఏనుగు కాళ్ళ పుస్తకం

చిత్తూరులో మామిడి సీజన్ అంటే తినేవాళ్ళకు పండగ. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే మమ్మల్ని అడిగితే వేరే సంగతి చెబుతాం. మే నెల నుంచి జూలై దాకా మా మిషన్లు మామిడిగుజ్జు డబ్బాల లేబుళ్ళు తప్ప ఇంకో ముఖం చూడవు. ఆ షీట్లు కోసే కటింగ్ మిషన్ దగ్గర నేను ఇరవై ఆరేళ్ళుగా నిలబడి ఉన్నాను. నా పేరు ధనశేఖర్. ఇది నా గురించి కాదు గానీ, మధ్యలో నా గోడు కూడా కొంచెం కలిస్తే సర్దుకోండి.

ఇది రూతు టీచర్ గురించి. పలమనేరు దారిలో ఒక పల్లెలో ఆమె అంగన్‌వాడీ నడుపుతుంది. పదకొండేళ్ళ కిందట, పిల్లలు గీసుకోవడానికి వేస్టు కాగితాలు ఏమైనా ఇస్తారా అని మా ప్రెస్సుకు వచ్చింది. లేబుళ్ళు కోశాక మిగిలిన అంచులు చూపించాను. జానెడు వెడల్పు, మూరెడు పైచిలుకు పొడవు ఉండే తెల్ల పట్టీలు. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అన్నా, ఇది ఎట్లా కోసి పారేసేదే కదా. లేబుల్ పడేటప్పుడే ఈ జాగాలో ఒక బొమ్మ కూడా పడతాదా?"

ఆ జాగాను అప్పటికి నేను ఎన్ని లక్షలసార్లు కోసి గోతంలో తొక్కానో లెక్క లేదు. ఒక్కసారి కూడా నాకు ఆ ఊహ తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆమె మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

మా ఓనరు నరేంద్ర సారు ఆ రోజు ఏ కళనున్నాడో గానీ, సరేనన్నాడు. అలా మొదలైంది. ఆమె గీసుకొచ్చిన బొమ్మల్నీ మాటల్నీ లేబుల్ పక్కనే అచ్చు ప్లేటులోకి ఎక్కించేవాళ్ళం. లేబుల్‌కు ఏ రంగులుంటే ఆమె జంతువులకూ అవే. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు. అందుకే మా వైపు అంగన్‌వాడీ పిల్లలు ఆకుపచ్చ కుక్కను చూసినా ఆశ్చర్యపోరు. పట్టీని మడతలు పెడితే ఎనిమిది పేజీల పుస్తకం తయారు. జాగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి జంతువులూ పొడుగువే దొరకాలి. మొదటి ఏడు పాము, తర్వాత మొసలి, జెర్రి, సంతకు పోయే మేకల బారు. ఏడాదికి ఒకటి చొప్పున పదకొండు పుస్తకాలు అయ్యాయి. మండలం మీటింగుకు పోయినప్పుడు మిగతా టీచర్లకు ఆమే పంచిపెట్టేది. ఏ పుస్తకం మీదా ఆమె పేరు ఉండదు. ఎందుకమ్మా అని అడిగితే, "మూడేళ్ళ పిల్లోళ్ళు నా పేరు సదివేదానికా అన్నా" అంటుంది.

ఆమె వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర అయ్యేది. పొద్దుటి నుంచి పిల్లల బరువులు తూచాలి, గుడ్లు పంచాలి, పంచినట్టు ఫోనులో ఫోటో ఎక్కించాలి. ఆ ఫోటో ఎక్కదు. ఎక్కలేదని పైనుంచి ఫోను వస్తుంది. ఇదంతా అయ్యాక రెండు బస్సులు మారి వచ్చి, కాగితం కట్ట మీద కూలబడి పది నిమిషాలు ఏమీ మాట్లాడేది కాదు. నేనూ పలకరించేవాణ్ణి కాదు. అలిసిపోయిన మనిషికి అలిసిపోయిన మనిషి ఇవ్వగలిగిన మర్యాద అదే అనుకుంటాను.

ఈ ఏడు జూన్ మొదటి వారంలో వచ్చినప్పుడు మాత్రం కూర్చోకుండానే సంచిలో నుంచి బొమ్మ తీసింది. తీస్తూ ఒక పిల్ల సంగతి చెప్పింది. పేరు భానుశ్రీ, నాలుగేళ్ళు. మార్చిలో ఒక సాయంత్రం అడవి ఏనుగులు ఊళ్ళోకి దిగి, ఆ పిల్ల వాళ్ళ వాకిట్లో రేకుల కొట్టం తోసేసి పోయాయి. పిల్ల అప్పుడు మంచం కింద ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మర్నాటి నుంచి ఆ పిల్ల అంగన్‌వాడీకి రాగానే టీచర్ టేబుల్ కింద దూరుతుంది. తిండీ అక్కడే, నిద్రా అక్కడే. వాళ్ళ అమ్మ వచ్చి ఎత్తుకుని పోవాల్సిందే.

"గోడకు ఉండే చార్టులో ఏనుగు నవ్వతా ఉంటాదన్నా. దాన్ని సూపించి, సూడు ఎంత మంచిదో అంటే ఇంకా లోపలికి జరిగిపోయినాది. ఆ పిల్ల నవ్వే ఏనుగును సూడలేదు కదా. మంచం కింద నుంచి ఏమి కనపడినాదో అదే గీసుకొచ్చినాను."

పట్టీ పొడుగునా వట్టి కాళ్ళు. గడప దగ్గర రెండు పెద్ద పాదాలు. పక్క పేజీలో ఇంకో రెండు. వాటి మధ్య గున్న ఏనుగువి చిన్నచిన్నవి నాలుగు. ఆ తర్వాత తోక కుచ్చు, లేచిన దుమ్ము. చివరి పేజీలో ఖాళీ వాకిలి, పక్కకు పడిపోయిన బకెట్టు. మాటలు మొత్తం మూడే. వచ్చింది. నడిచింది. పోయింది.

జానెడు జాగాలో ఏనుగును అలా పట్టించవచ్చని నేను అనుకోలేదు. కానీ ఆమెకు చెప్పాల్సిన సంగతి ఒకటి నా దగ్గర ఉంది. మామిడిగుజ్జు కంపెనీవాళ్ళు లేబుల్ కొలత మార్చారు. షీటుకు ఒక వరుస లేబుళ్ళు ఎక్కువ పడుతున్నాయి. ఇక మిగిలే అంచు వేలెడు. ఆ సంగతి నాకు మే నెలలోనే తెలుసు.

"బాగుండాదమ్మా, పెట్టి పోండి" అన్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. సీజన్‌లో నిజం చెప్పడానికి కూడా ఓపిక కావాలి. నాకు లేకపోయింది. వారం తర్వాత ఆమె గున్న పాదాలు దిద్దుకుని మళ్ళీ వచ్చింది. అప్పుడూ చెప్పలేదు. మూడోసారి వచ్చి ప్లేటు ఎప్పుడు చేస్తారని నేరుగా అడిగాక గానీ నా నోరు పెగల్లేదు.

ఆమె అరిచి ఉంటే బాగుండేది.

"ముందే తెలుసునా అన్నా?"

"తెలుసమ్మా."

"ఆ పిల్లకు చెప్పేసినాను. నీకని ఒక పుస్తకం వస్తా ఉండాదని." కాసేపు కట్ట మీద కూర్చుంది. బొమ్మను అక్కడే వదిలేసి, బస్సు టైమయిందని వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నరేంద్ర సారు గదిలోకి పోయాను. ఆయన ఒక చెవిలో ఫోను పెట్టుకుని, రెండో చేత్తో కళ్ళు నులుముకుంటున్నాడు.

"శేఖరా, పుస్తకాలు వేసే ఓపిక నాకు లేదప్పా" అన్నాడు.

"ఈ ఒక్కటీ సార్."

చాలాసేపు ఫోనులోనే మాట్లాడి, చివరకు నా వైపు తిరిగాడు. "మధ్యాన్నం షిఫ్టు మారేటప్పుడు మిషన్ కడుగుతారు కదా. ఆ అరగంటలో వేసుకో. నల్ల ఇంకు ఒకటే. కాగితం వేస్టులో ఏరుకో. మళ్ళీ నన్ను అడగొద్దు."

మిషన్ మొదలుపెట్టినప్పుడు రంగులు కుదిరేదాకా కొన్ని షీట్లు పాడవుతాయి. వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది. అవి ఏరి, వాటి మీద నల్లగా ఏనుగు కాళ్ళు వేశాం. రెండు వందల పుస్తకాలు వచ్చాయి. నేనే కోశాను, నేనే మడతలు పెట్టాను. శనివారం ఒక పూట సెలవు పెట్టి, కట్ట చంకన పెట్టుకుని ఆ ఊరి బస్సెక్కాను. పదకొండేళ్ళలో ఆ పుస్తకాలు చూసే పిల్లలను నేను చూడబోవడం అదే మొదలు.

రూతు టీచర్ నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. కట్ట విప్పి ఒక పుస్తకం తీసుకుంది. కొంగు దోపుకుని, నేల మీద చేతులు ఆనించి, మెల్లగా టేబుల్ కిందికి దూరింది. గడపలో నిలబడిన నాకు నాలుగు అరికాళ్ళు కనిపించాయి, రెండు పగిలినవి, రెండు చిన్నవి.

"వచ్చింది" అని చదివింది. పేజీ తిప్పింది. "నడిచింది." చిన్న పాదాల దగ్గర ఆ పిల్ల ఒకటీ రెండూ అంటూ లెక్కపెట్టింది. "పోయింది."

చిన్న అరికాళ్ళు లోపలికి ముడుచుకున్నాయి.

"మళ్ళా వస్తాది" అంది భానుశ్రీ.

రాదులే అని చెబుతుందనుకున్నాను. నేనయితే అదే చెప్పేవాణ్ణి.

"వస్తాది" అంది రూతు టీచర్. "వచ్చి, పోతాది."

పిల్ల పుస్తకాన్ని మొదటికి తిప్పింది. మూడుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత టీచర్ వెనక్కి జరిగి బయటికి వచ్చింది గానీ, లేవలేకపోయింది. మోకాళ్ళు పట్టేశాయి. టేబుల్ కాలు పట్టుకుని ఒకసారి ప్రయత్నించి, మళ్ళీ నేల మీద చతికిలబడింది. నేను గబగబా ముందుకెళ్ళి చెయ్యి చాచాను.

నాకంటే ముందు భానుశ్రీ టేబుల్ కింద నుంచి వచ్చేసింది. టీచర్ చూపుడువేలును రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు నేలకు తన్నిపెట్టి లాగడం మొదలుపెట్టింది. "లెయ్ టీచర్" అంటోంది.

రూతు టీచర్ నా చెయ్యి వైపు చూడలేదు. ఆ పిల్ల లాగుతుంటే, లేవడం చేతకానట్టు ఇంకాసేపు అలాగే కూర్చుంది.