ముప్పై ఏడో నంబరు పాదం

ఒత్తోరీనో షూ ఫ్యాక్టరీలో నీవెస్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె ‘ముప్పై ఏడు’. బ్రెంతా కాలువ ఒడ్డున ఏ ఫ్యాక్టరీలోనైనా ఆడవాళ్ళ కొత్త జోడును ముందు ముప్పై ఏడో సైజులో కుట్టి, ఒక మనిషి కాలికి తొడిగి చూసి, ఆ తరవాతే మిగతా సైజులు కోస్తారు. ఇక్కడ ఆ కాలు నీవెస్‌ది. పందొమ్మిదేళ్ళప్పుడు జోళ్ళు పెట్టెల్లో సర్దే పనికి చేరింది. ఒకనాడు కాలు ఇచ్చే అమ్మాయి జ్వరమొచ్చి రాలేదు. నమూనాలు గీసే గాల్దీనో మాస్టారు సర్దేవాళ్ళ బల్ల దగ్గరికొచ్చి, వరసగా ఆడపిల్లల కాళ్ళకేసి చూసుకుంటూ పోయి ఈమె దగ్గర ఆగాడు. సంతలో గేదెను చూసినట్టు చూశాడని ఆమె నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు మొదట్లోనే లెండి.

పొద్దున్నే, కాలు ఇంకా వాయకముందే, తివాచీ పరిచిన చెక్క మీద నిలబడాలి. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని, పెన్ను పట్టుకుని అడిగేది ఒకటే మాట.

“ఎక్కడ నొక్కుతోంది?”

ఆమె చెప్పిన చోట గీత పెట్టేవాడు. అంతే సంభాషణ. అందరూ ‘సియోర్’, అంటే అయ్యగారూ, అని పిలిచే యజమాని ఒత్తోరీనో మాత్రం ఆ కాలికి కాపలా కాసేవాడు.

“ఆ కాలు సగం నాది పిల్లా. పెళ్ళిళ్ళలో గెంతులేసి వాపు తెచ్చుకున్నావంటే ఊరుకోను, ముందే చెప్తున్నా.”

సొంత చెల్లెలి పెళ్ళిలో ఊరంతా నాట్యం చేస్తుంటే ఆమె గోడవార కుర్చీలో కూర్చుని చూసింది. ఇంత భక్తి ఆ ఫ్యాక్టరీ మీద దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాలు ఊరికే ఉండదు, నేర్చుకుంటుంది. కొన్నేళ్ళకి నీవెస్‌కి ఎక్కడ నొక్కుతోందో కాదు, ఎందుకు నొక్కుతోందో తెలియడం మొదలైంది.

“మాస్టారూ, బొటనవేలి కణుపు మీద కుట్టు పడింది. కాస్త వెనక్కి జరిపి చూడండి.”

“ఓహో, పాదానికి నోరు కూడా వచ్చిందే!” అని గాల్దీనో గది అదిరేలా నవ్వేవాడు. నవ్వుతూనే కుట్టు జరిపేవాడు. జోడు నప్పితే మెప్పు ఆయనకి, నప్పకపోతే తిట్లు ఆమెకి.

ముప్పై దాటాక ఆమె శనివారం బడిలో చేరింది. అది ఫ్యాక్టరీల్లో నమూనాలు గీసే మాస్టార్లే పాఠాలు చెప్పే బడి. గాల్దీనో అక్కడా మాస్టారే. వారమంతా ఆమె కాళ్ళ దగ్గర కూర్చునే మనిషి, శనివారం ఆమె తల మీద నిలబడేవాడు. ఆ బడిలో పుస్తకాలు తక్కువ, కత్తులు ఎక్కువ. ముందు పాదం ఆకారంలో చెక్కిన కాలి అచ్చు మీద ముడత పడకుండా టేపు అతికించాలి. దాని మీద జోడు బొమ్మ గీయాలి. గీత వెంట కోసి, టేపు ఒలిచి, అట్ట మీద చదునుగా పరచాలి. అది ఓ పట్టాన పరచుకోదు. ఒక అంచు అణిస్తే ఇంకో అంచు లేస్తుంది.

“గుండ్రంగా ఉన్నదాన్ని పలక మీద పరచాలంటే ఎక్కడో ఒకచోట మోసం చెయ్యాలమ్మా. ఎక్కడ చెయ్యాలో తెలిసినవాడే మాస్టారు” అనేవాడు గాల్దీనో. మోసం సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఆమె మొదటి జోడు వంకర తిరిగింది. ఆయన దాన్ని చెత్తబుట్టలో పడేసి, “ఇది వేసుకుని పెళ్ళికొడుకు దగ్గర్నుంచి పారిపోదామన్నా గుమ్మం దాటలేవు” అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆమె మళ్ళీ టేపు తీసింది. అట్ట కోసింది, చవక తోలుతో కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది. ఆఖరి ఏడాది ఎవరి జోడు వాళ్ళే ఊహించి, గీసి, కోసి, కుట్టి, సోల్ వేసి ఇవ్వాలి. మిగతావాళ్ళు చర్చి గోపురాల్లాంటి మడమలు గీశారు. నీవెస్ రోజంతా దుకాణాల్లో నిలబడే ఆడవాళ్ళ కోసం మడమ ఎత్తు తక్కువున్న జోడు గీసింది. లోపలి పక్కంతా ఒకే తోలు ముక్క, కణుపు మీద కుట్టనేదే లేదు. బడిలో ఇచ్చిన ముప్పై ఏడో అచ్చు మీదే కట్టింది, తన కాలు మాట అసలు వినలేదు.

గాల్దీనో జోడులో చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు.

“ఇది మార్కెట్‌కి వెళ్తుంది” అన్నాడు మెల్లగా. “వచ్చే ఏడాది నేను దిగిపోతున్నా. నా కుర్చీకి నీ పేరే చెప్తా ఒత్తోరీనోతో.”

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదంటే తప్పు పట్టకండి. ఇన్నేళ్ళకి ఒకరు ఆమె తలని చూశారు.

జోళ్ళ ప్రదర్శనలో పెడితే ఆ జోడు ఒక జర్మన్ వ్యాపారికి నచ్చింది. ఒత్తోరీనో తయారీకి ఒప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే దుకాణాల నుంచి కబుర్లు రావడం మొదలైంది. పోయిన రెండు సీజన్ల జోళ్ళు వదులుగా ఉన్నాయట, నడుస్తుంటే జారిపోతున్నాయట. చివరికి గాల్దీనో కొలత టేపు తీసి నీవెస్ కాలు కొలిచాడు.

అన్నేళ్ళలో ఆ కాలుని కొలవడం అది రెండోసారి. చేర్చుకున్న రోజున కొలిచి వదిలేశారు. అందరూ దాంతోటే కొలిచారు గానీ, దాన్ని మళ్ళీ కొలవాలని ఒక్కడికీ తోచలేదు. ఇరుకు నమూనాల్లో నలిగి నలిగి బొటనవేలి ఎముక పక్కకి పొడుచుకొచ్చింది. ఆమె నొక్కుతోందన్నప్పుడల్లా వీళ్ళు వదులు చేస్తూ పోయారు.

“కాలు పోయింది” అన్నాడు ఒత్తోరీనో, గేదె వట్టిపోయిందన్నట్టు.

“పోతే పోయింది సియోర్. నేను గీస్తాను కదా. మాస్టారి కుర్చీ...”

“ఏం గీస్తావు? ఇన్నాళ్ళూ నీ నోట పలికింది ఆ కాలేగా! అది అబద్ధాలు చెప్పింది, ఇక నీ మాట ఎవడు నమ్ముతాడు?”

“నా జోడు నా కాలికి కట్టలేదు. అచ్చు మీద కట్టాను. మాస్టారికి తెలుసు.”

మాస్టారు టేపు చుట్టుకుంటూ ఉన్నాడు. అదేం టేపో, ఎంత చుట్టినా తరగలేదు. ఒత్తోరీనో వెళ్ళాక మాత్రం ఆమె చెవి దగ్గర గొణిగాడు. “తొందరపడకు. కొత్త అమ్మాయి వస్తోంది. ఆ పిల్ల కాలికి నీ జోడు నప్పితే అప్పుడు నేను మాట్లాడతా. ఒత్తోరీనో నా మాట తీసెయ్యలేడు.”

కొత్త అమ్మాయి పేరు కాత్యా, పక్క ఊళ్ళో కాఫీ బార్‌లో పనిచేసే పిల్ల. చెక్క మీద ఎలా నిలబడాలో, బరువు ఏ కాలి మీద వెయ్యాలో నీవెస్ చేతే నేర్పించారు. ఒళ్ళు మండుతున్నా నేర్పింది. ఆ జోడు నిలబడితే తనూ నిలబడుతుంది మరి. తొడిగి చూసే రోజు పొద్దున తన జోడు కాత్యా కాలికి తనే తొడిగి, పట్టీ బిగించి, పక్కకి జరిగింది.

కాత్యా రెండడుగులు వేసింది. తిరిగొచ్చింది.

“ఎక్కడ నొక్కుతోంది?” అన్నాడు గాల్దీనో.

ఆ పిల్ల వేళ్ళు కదిపి చూసుకుంది. మడమ ఎత్తి చూసింది. “ఎక్కడా లేదండీ. అసలు వేసుకున్నట్టే లేదు.”

నీవెస్ మాస్టారి వైపు చూసింది.

ఒత్తోరీనో చేతులు చరిచాడు. “చూశావా గాల్దీనో! పాదమంటే ఇదీ! మొదటిసారే, ఒక్క గీత కూడా పెట్టకుండా నప్పింది!”

గాల్దీనో జోడును చూశాడు. నీవెస్‌ని చూడలేదు.

“అవును సియోర్, మంచి పాదం. ఇలాంటిది దొరికితే నేనూ ఈ కుర్చీలో ఇంకో నాలుగేళ్ళు లాగించేస్తా.”

“ఊఁ, విప్పు మరి, తయారీకి పంపుదాం” అన్నాడు ఒత్తోరీనో, ఎవరి వంకా చూడకుండా. నీవెస్ కిందికి వంగి, కాత్యా కాలి నుంచి జోడు విప్పింది.