టగ్ పడవ మూతకు పెట్టిన బొట్టు

హైదరాబాద్ చుట్టూ రోజుకో షెడ్డు లేస్తున్న కాలంలో, ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇనుప షెడ్డులో కూలికి వెళ్లేదాన్ని. అక్కడ టగ్ పడవ అడుగుభాగాన్ని ముక్కలు ముక్కలుగా తయారుచేసి ట్రైలర్ల మీద రేవుకు పంపేవారు. పెద్ద ఓడలను తాడు కట్టి లాగేది ఈ పడవేనట. ముప్పై మీటర్ల పొడవు, అరవై టన్నులు లాగే బలం అని సూపర్‌వైజర్ చెబితే, పక్కనున్న మంచాల ఊరి నుంచి వచ్చే వెల్డరన్న నవ్వాడు.

“మన చెరువుల మోకాలు లోతు నీళ్లు లేవు, గీడ ఓడలు చేస్తున్నం!”

ఒకచోట చిల్లు పడినా మునగకుండా అడుగంతా గదులు గదులుగా కడతారు. ప్రతి గదికీ మనిషి దూరేంత కంత, దానికి బోల్టుల మూత. లోపల మనిషి ఉంటే, పక్కన పెట్టిన మూత మీద సుద్దతో ఆ మాట రాయాలి. అప్పటికి నాకు చదువు రాదు. రంగు వేసే ముందు సుద్దగీతలు తుడవడమే నా పని.

ఆయుధపూజ రోజు పొద్దున మిషన్లన్నీ ఆపి కడిగాం. అతుకుల మీది పెంకు సుత్తితో రాల్చడానికి వెల్డరన్న ఒక గదిలోకి దిగిన సంగతి నాకు తెలియదు. ఆ మూత మీది సుద్దరాతను తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టాను. బొట్టు పడిందంటే దాని పని ముగిసినట్టే మాకు. ఫిట్టర్ మూత వేసి బిగించేశాడు.

కొబ్బరికాయలు కొడుతుంటే టక్ టక్ అని వినిపించింది. కాయల చప్పుడే అనుకున్నాను. హారతి అయ్యాక కూడా అది ఆగలేదు. చూస్తే వెల్డరన్న లేడు.

“అన్న లోపలున్నడు!” అని అరిచాను.

“నువ్వే కదనే బొట్టు పెట్టినవ్!” అంటూ ఫిట్టర్ పాన అందుకున్నాడు. చివరి బోల్టు ఊడేసరికి లోపలి చప్పుడు ఆగిపోయింది.

గాలాడక సొమ్మసిల్లిన అన్నను బయటికి లాగి నీళ్లు చల్లాక కళ్లు తెరిచాడు. “చెల్లె, పూజ మస్తు చేసినవ్” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన వేళ్లు మాత్రం సుత్తిని వదల్లేదు.

పండుగ తర్వాత లోపలికి దిగడానికి ఒక షరతు పెట్టాడు. “గీ చెల్లె కంత కాడ కూసోని మాట్లాడుతనే ఉండాలె. మాట ఆగితే నేను పైకొస్త.”

రోజంతా కంత దగ్గర కూర్చుని, ఇంట్లో వండిన కూరలు, బస్సులో కొట్లాటలు, అన్నీ చెప్పేదాన్ని. మాటలు అయిపోయి ఆగితే చీకట్లోంచి “ఆపినవేంది?” అని వచ్చేది. ఆ ముక్క రేవుకు పోయేదాకా అంతే.

చాలా ఏళ్లకు చదువు నేర్చుకున్నాను. మనసులో చదవమంటుంది పంతులమ్మ. నా వల్ల కాదు, పైకే చదువుతాను. ఆపితే, కింద ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు ఉంటుంది.