చింతపండుతో తోమిన చక్రవర్తి

నా భార్య పోయి నేటికి ఇరవై రోజులు. నేపర్‌విల్‌లో మా ఇంట్లోనే, ఉదయం కాఫీ వేళకు ముందే వెళ్లిపోయింది. సంతాప సభలో చాలామంది ఆమెను దేవత అన్నారు. కాదు. ఆమెకు కోపం ఎక్కువ, ఎగతాళి ఇంకా ఎక్కువ. అందులో పెద్ద వాటా గల్లియెనస్ అనే రోమన్ చక్రవర్తికి దక్కింది.

ఆమె ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసేది. దేనిలో ఏముందో పరీక్షించి చెప్పడం ఉద్యోగం. సెలవు రోజుల్లో పాత నాణేలు. గల్లియెనస్ ఏలుబడి ముగిసేసరికి వెండి నాణెంలో వెండి దాదాపు లేదు. రాగికి పల్చటి పూత, అంతే. అలాంటిదొకటి ఆమె దగ్గర ఉండేది. ఒకవైపు కిరీటంతో అతని తల, రెండోవైపు వెనక్కి తిరిగి చూస్తున్న జింక.

“వీడి తండ్రిని పర్షియా రాజు పట్టుకుపోయాడండీ. విడిపించలేదు. తనని కాపాడమని మాత్రం వేట దేవతకి మొక్కి, ఆవిడ జింకని నాణెం మీద వేయించుకున్నాడు. సన్నాసి.”

ఓసారి నేను వెనకేసుకొచ్చాను. “అన్ని వైపులా యుద్ధాలు. సైనికులకి జీతాలివ్వాలిగా, పాపం.”

“ఇవ్వమనండి. రాగి అని చెప్పి ఇవ్వమనండి.”

తన విషయంలోనూ అంతే. డాక్టర్ మాట నాన్చుతుంటే, “రిపోర్ట్ నాకూ చదవడం వచ్చు” అని చేయి చాపింది.

ఆమె మంచం పట్టాక, దీపావళికి పూజసామాను నేనే తోమాను. పళ్లెంలో మా అమ్మ ఇచ్చిన రాగి కాసులుండేవి. కిటికీ దగ్గర నల్లగా పడి ఉన్న ఇంకో బిళ్లనూ వాటిలో కలిపి, చింతపండు పట్టించి గట్టిగా రుద్దాను. కడిగి చూస్తే జింక. పూత ఎక్కడా లేదు.

తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“నాణేలు తోమకూడదని ఎన్నిసార్లు చెప్పాను?”

“చాలాసార్లు.”

“పదిహేడు వందల ఏళ్లు దాచుకున్నాడు వెధవ. మీకు అరగంట పట్టింది.”

నవ్వింది. దగ్గొచ్చింది. ఆగి, మళ్లీ నవ్వింది.

పోయిన శనివారం ఆమె నాణేల క్లబ్ వాళ్లు లైబ్రరీలో ఆమె జ్ఞాపకంగా ఒక్క నాణెం ప్రదర్శనకు పెడతామన్నారు. దీన్నే తీసుకెళ్లాను. క్లబ్ నడిపే తెలుగు అబ్బాయి, మా అమ్మాయి ఈడువాడు, ఇబ్బంది పడ్డాడు.

“అంకుల్, ఇది క్లీన్ చేసేశారు కదా, కాయిన్ కలెక్టర్స్ నవ్వుతారు. ఆంటీ దగ్గర మంచివి చాలా ఉన్నాయి. చూసినవాళ్లు ఆంటీకి ఏం తెలీదనుకుంటారేమో.”

“అనుకోనీ. పూత పూసింది మాత్రం పెట్టొద్దు.”

నాణెంతో పాటు, ఆ దీపావళి నాడు ఆమె మంచంలోంచే రాసిన చీటీ కూడా ఇచ్చాను. అక్షరాలు వణికాయి కానీ చదవొచ్చు: “గల్లియెనస్. రాగి. తోమినవారు: మా ఆయన.”

అద్దాల పెట్టెలో నేనే అమర్చాను. చక్రవర్తి మొహం కిందికి. పైన జింక, ఎర్రగా, వెనక్కి తిరిగి చూస్తూ.