సుగుణమ్మ టీచర్ ఊఁ కొట్టిన ఫైల్

నిన్న పొద్దున సుగుణమ్మ టీచర్ కూతురు ప్రమీలక్క ఫోన్ చేసింది.

“అమ్మ పోయింది అబ్బయ్యా. టీ తాగి కూర్చునింది, అట్లే ఒరిగిపోయింది.”

నేను నమ్మలేదు. ఆదివారమే కదా టీచర్ మాట్లాడింది! “కలిగిరిలో ఒక ముసలాయన ఉండాడు, మైకు తీసుకొని రారా” అన్నారు. వచ్చే వారం వస్తానన్నాను. నాకెప్పుడూ వచ్చే వారమే.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. సుగుణమ్మ టీచర్ ఉదయగిరిలో నాకు నాలుగో తరగతి చెప్పారు. రిటైరయ్యాక ఊరూరూ తిరిగి ముసలివాళ్ల చేత పాత సంగతులు చెప్పించేవారు. ఆత్మకూరులో పెళ్లి వీడియోలు తీసే నా దగ్గర మంచి మైకు ఉందని తెలిసి నన్నూ లాక్కెళ్లారు. మీరంతా వింటున్న మా ఆడియో కథలు అలా మొదలైనవే.

మొదటి ఇంటర్వ్యూ కొండాపురం దగ్గర లచ్చమ్మవ్వది. తొంభై దాటిన మనిషి, చూపు పూర్తిగా పోయింది. దాదాపు నూట యాభై ఏళ్ల కిందటి ధాత కరువులో, వాళ్ల అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, తల్లీ పిల్లలూ కూలి కోసం సముద్రం వైపు కాలవ తవ్వే పనికి నడిచివెళ్లారు. ఆ కథ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

అవ్వ చెబుతోంది. పక్కన టీచర్ ప్రతి మాటకీ “ఊఁ... ఊఁ...”

స్టూడియోకి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తల తిరిగిపోయింది. కథ కంటే ఊఁలే ఎక్కువ. ఒకటి కట్ చేస్తే అవ్వ మాట సగం తెగుతోంది. చిన్నప్పుడు నాతో గోడకుర్చీ వేయించిన మనిషని కూడా చూడకుండా ఫోన్లో అరిచాను.

“ఊఁ అనబాకండి టీచర్! ఊరికే తలాడించండి చాలు. ఆన్‌లైన్లో రికార్డింగ్ నేర్పించేవాళ్లంతా అదే చెప్తా ఉండారు.”

“సరేలేరా, నేర్చుకుంటా” అన్నారు. కోపం లేదు.

మళ్లీ వెళ్లాం. ఈసారి ఇద్దరం గమ్మున కూర్చుని తలలాడిస్తున్నాం.

కళ్లు కనపడని మనిషి ముందు!

అవ్వ రెండు మాటలు చెప్పి ఆపేసింది. “ఉండారా, పోయినారా?”

“ఉండాం అవ్వా, చెప్పు.”

మళ్లీ రెండు మాటలు. మళ్లీ ఆగింది. చేతులు చాచి మా కోసం తడుముకుంటోంది. ముఖంలో నిజంగా భయం. ఇక లాభం లేదని మైకు ఆపబోయాను.

టీచర్ నన్ను ఆగమని సైగ చేసి, అవ్వ పక్కకి జరిగి ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నారు. ఊఁ అనాల్సిన చోటల్లా ఆ చెయ్యి మెల్లగా నొక్కారు.

అవ్వ కథ పూర్తిగా చెప్పింది. పోయినసారి టీచర్ ఊఁల మీదే చెవి పెట్టి నేను పట్టించుకోని ముక్క ఇప్పుడు విన్నాను.

కాలవ పనికి నడిచేటప్పుడు తల్లి ముందు పోతూ కథ చెప్పేదట. వెనక ఆ పిల్లా, ఆమె తమ్ముడూ ఊఁ కొట్టాలి. ఊఁ వినపడుతుంటే వస్తున్నారని ధైర్యం. ఒకచోట ఒక ఊఁ తగ్గింది. తిరిగి చూస్తే చిన్నోడు చాలా వెనక, దారి పక్కన పడి ఉన్నాడు. అప్పటికే ప్రాణం లేదు.

“అందుకే మా ఇంట్లో ఊఁ లేకుండా కథ చెప్పం నాయనా” అంది అవ్వ.

టీచర్ ఆ చెయ్యి మరోసారి నొక్కారు.

ఆ రోజు నుంచి ప్రతి ఇంటర్వ్యూలో టీచర్ అవతలి మనిషి చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. గొంతులో వణుకు, మధ్యలో మౌనం, అన్నీ క్లీన్‌గా వచ్చేవి. “బాగా రికార్డ్ చేస్తావబ్బా” అని మీరంతా నన్ను మెచ్చుకున్నారు. నేనూ సిగ్గు లేకుండా థాంక్స్ చెప్పాను.

నిన్న ఉదయగిరి వెళ్లినప్పుడు ప్రమీలక్క అడిగింది.

“అమ్మ గొంతు ఏమన్నా ఉండాదా నీకాడ?”

టీచర్ అడిగే ప్రశ్నలన్నీ నేనే కట్ చేసేవాణ్ణి. మెమరీ కార్డులు చెరిపేసి పెళ్లిళ్లకి వాడేవాణ్ణి. ఇన్నేళ్లలో ఆమెనొక్కసారి కూర్చోబెట్టి “మీ సంగతి చెప్పండి టీచర్” అని అడగలేదు. ఊళ్లో అందరినీ అడిగాను.

ఇవాళ పొద్దున్నే స్టూడియోలో పాత కంప్యూటర్ వెతికాను. ‘వేస్ట్’ అని పేరు పెట్టిన ఫోల్డర్లో ఒకే ఒక్క ఫైల్ దొరికింది. లచ్చమ్మవ్వ మొదటి రికార్డింగ్. పాడైపోయిందని నేను తిట్టుకున్నది.

టీచర్‌ని సమాధి చేసి వచ్చాక ప్రమీలక్కకి వినిపించాను. నలభై నిమిషాలూ కదలకుండా వింది. అవ్వ మాట, అమ్మ ఊఁ. అవ్వ మాట, అమ్మ ఊఁ.

చివర్లో నా చెయ్యి పట్టుకుంది. “ఒక్కటి కూడా కట్ చేయబాక అబ్బయ్యా.”

చేయను.

టీచర్, కలిగిరి ముసలాయన దగ్గరికి రేపే పోతున్నాను. ఆయన చెయ్యి నేను పట్టుకుంటాను. మీరు నిమ్మళంగా పడుకోండి. ప్రభువు మీకు మంచి విశ్రాంతి ఇవ్వాలి.