ఎర్ర మూత, మూడు మీటర్లు

మా ఇంటి వైరింగు మా ఆయన సొంత చేతులతోటి చేసిండు. ఆయనేం కరెంటు మేస్త్రీ గాదు, ఎరువుల గోదాంల ఉద్యోగం. అయినా "గింత దానికి మేస్త్రీ ఎందుకే?" అని ఒక టెస్టరు కొనుక్కొచ్చి, మొత్తం ఒకే రంగు వైరు తెచ్చి, మూడు పోర్షన్లకు ఒకటే మీటరు మీంచి లాగిండు. ఆయన పోయి ఆరేండ్లయింది. ఆయన పోయిన బాధ ఒకటి, ఆయన లాగిన వైర్ల బాధ ఇంకోటి. మొదటిది కొంచెమన్న తగ్గింది.

బూర్గంపాడుల మా ఇల్లు. ముందర పోర్షన్ల నేను ఒక్కదాన్నే ఉంట. టిఫిన్ బండ్లోళ్లకు గారె పిండి రుబ్బి ఇస్త, తెల్లారి ఐదింటికల్లా గ్రైండరు తిరగాలె. నడిమి పోర్షన్ల మధిర దిక్కు నుంచి వచ్చిన బ్యాంకు సారు, ఆయన భార్య. వాళ్లకు ఏసీ ఉంది. వెనక పోర్షన్ల భద్రాచలం దవాఖానాల చేసే నర్సు పిల్ల, వాళ్ల నాయనమ్మ. ముసలామెను మేమంతా అవ్వ అంటం. వాళ్లది అడవి లోపలి కోయ ఊరు. నర్సుకు ఆరింటికి బస్సు, దానికి ముందు బకెట్ల హీటరు పెట్టి వేడినీళ్లు కాగాలె. ఏసీ, గ్రైండరు, హీటరు, ఈ మూడిట్ల ఏ రెండు ఒక్కసారి నడిచినా టప్పుమని ఫీజు పోయేది.

అందుకని నేనే ఒక చట్టం తెచ్చిన. పాత పప్పుల డబ్బాది ఎర్ర మూత ఒకటుంటే, దానికి బెజ్జం కొట్టి మీటరు పక్కన మేకుకు తగిలేసిన. పెద్ద మిషను ఎవరు వేసుకోవాలన్నా ఆ మూత తీస్కపోయి ఇంట్ల పెట్టుకోవాలె. పనైనంక మళ్ల మేకుకు తగిలెయ్యాలె. మేకు ఖాళీగ ఉంటే మిగిలినోళ్లు స్విచ్చి ముట్టొద్దు. బ్యాంకు సారు భార్య మొదట్ల నవ్వింది. "ఇదేంటి ఆంటీ, చిన్నపిల్లల ఆటలాగా!" అన్నది. రెండుసార్లు చీకట్ల కూసున్నంక ఆమే అందరి కంటే బాగ ఆడింది.

అవ్వకైతే ఆ మూత అంటే పానం. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు. వచ్చినదంతా నాతోటి కొట్లాడి నేర్చుకున్నదే. తెల్లారి నేను మూత తీస్కపోంగనే గడపల కూసొని, పిండి రుబ్బుడు అయ్యేదాక నా దిక్కే చూసేది. "అయిందా బిడ్డా?" "కాలే." "ఇంకా కాలే?" "నువ్వొచ్చి రుబ్బరాదు మరి!" అంటే నిజంగనే వచ్చి పప్పుల చెయ్యి పెట్టేది. ఒకసారి నాకు జ్వరమొచ్చి ఐదు దాటినా లేవలే. ఆమె మేకుకున్న మూత చేతుల పట్టుకొని వచ్చి, తలుపు దబదబ బాదుకుంట, "గిదేంది? ఇంకా తీస్కపోలే?" అని లొల్లి చేసింది. నా ఒళ్లు చూసి మనవరాలిని పిలిచి గోలీలు ఇప్పించింది. ఎంత కచ్చితంగ చట్టం పాటిస్తదో అని అప్పుడు నవ్వుకున్న.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోరు సంగతి ఊరికి తెలుసు, నా చెయ్యి కూడా గంతే. ఒకరోజు బండోడు జల్దీ పిండి కావాలని ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, మూత లేకుండనే గ్రైండరు వేసిన. నా చట్టం, నేనే దాటిన. అటు హీటరు, ఇటు గ్రైండరు. ఫీజు పోయింది. నర్సు పిల్ల తల మీద షాంపూ నురగతోటి బయటికొచ్చింది. బస్సు పోయింది, దవాఖానాల మాట పడ్డది.

సాయంత్రం వచ్చి మెల్లగ చెప్పింది. "అక్కా, భద్రాచలంల ఒక రూము చూసిన. మీటరు వేరే ఉంది. నెలాఖరుకు పోతం."

"పోతే పో, నాకేంది! కిరాయికి మనుషులు కరువా?" అన్న. లోపలికొచ్చి కూసున్న. అవ్వ పోతే పొద్దున నేను ఎవరితోటి కొట్లాడాలె? సిగ్గు విడిచి చెప్తున్న, ఇన్నేండ్లల ఎంతమందో కిరాయికుండి పోయిండ్రు గని, వాళ్లు పోతున్నరంటే వచ్చినంత భయం నాకు ఎప్పుడూ రాలే. మళ్ల వెనక్కి పోయి, "నెలాఖరు దాక ఆగు. నీకు వేరే మీటరు పెట్టిస్త. పెట్టియ్యకపోతే అప్పుడు పో" అన్న.

కరెంటు మేస్త్రీ వచ్చిండు. వైర్లు విడదీయాలంటే ఏది ఎక్కడికి పోతుందో తెలియాలె గదా. ఆయన నా పోర్షను లైను తీసేసి, "ఎవరిది ఆగింది?" అని కేకేసిండు. బ్యాంకు సారు బాత్రూంల నుంచి అరిచిండు, "నాదండీ, లైటు!" మళ్ల ఒకటి తీస్తే నా ఫ్యాను ఆగింది, అది వాళ్ల వంటింటి లైనట. నా దేవుని గూట్ల బల్బు లైను తీస్తే అవ్వ రూము చీకటైంది. నా గుమ్మం బెల్లు ఎవరన్న కొడితే వెనక రూముల ఎందుకు మోగుతదో అప్పుడు అర్థమైంది. మేస్త్రీ నిచ్చెన దిగి చేతులు జోడించిండు. "అమ్మా, ఈ వైరింగు చేసినాయన ఎవరో గని ఒక్కసారి చూపెట్టుర్రి, దండం పెడత" అన్నడు. గోడ మీది ఫోటో చూపెట్టిన. మూడు రోజులు పట్టింది, మేస్త్రీ తల పానం తోకకొచ్చింది.

వైర్లు వేరైనయి. ఇంక కరెంటు ఆఫీసు నుంచి సారు వచ్చి చూడాలె. మూడు పోర్షన్లు నిజంగ మూడు సంసారాలేనా, ఎవరి వంటిల్లు వాళ్లకు ఉందా అని. అట్లుంటెనే మూడు మీటర్లు ఇస్తరట. నేను అందరికీ చెప్పి పెట్టిన, "ఆ రోజు ఎవరింట్ల వాళ్లుండుర్రి" అని. ఎక్కడ? సారు వచ్చేసరికి అవ్వ నా వంటింట్ల నా పొయ్యి మీద అంబలి కలుపుతున్నది, వాళ్ల గ్యాసు అయిపోయిందట. నా పిండి గిన్నెలు బ్యాంకోళ్ల ఫ్రిజ్జుల. వాళ్ల బట్టలు అవ్వ దండెం మీద. సారు కాగితం చేత పట్టుకొని అటు చూసిండు, ఇటు చూసిండు.

"అవ్వా, ఇది ఎన్ని ఇండ్లు?" అన్నడు.

అవ్వ గరిటె పైకెత్తి, "ఒక్కటే సారూ!" అన్నది. ఎంత సంబురంగ చెప్పిందో!

మీటరు పోయె, వీళ్లు పోయిరి అనుకున్న. నోరు ఆగలే. "ఏందే ముసల్దానా, ఇండ్లు లెక్కపెట్టుడు రాదా? నీ వంట నీ ఇంట్ల వండుకోవద్దా?" అన్న. అవ్వ ఊకుంటదా? సగం తెలుగుల, సగం వాళ్ల భాషల అందుకున్నది. నా గ్రైండరు చప్పుడుకు చెవులు పోయినయని, నా పిండి మీద మన్ను పడ అని. మధ్యల బ్యాంకు సారు భార్య వచ్చింది. "అసలు ఆంటీ, మీ పిండి పెట్టినప్పటి నుంచి మా ఫ్రిజ్జంతా పులిసిన వాసన!" అన్నది. నేను ఆమె దిక్కు తిరిగిన. ఇంక చూడు, ముగ్గురం మూడు దిక్కుల నుంచి.

సారు చెవులు మూసుకొని, "చాలమ్మా, చాలు! మూడు ఇండ్లే, నాకు అర్థమైంది" అని గోడకు ఆనించి సంతకం పెట్టి పోయిండు.

మీటర్లు వచ్చినయి. వరుసగ మూడు, కొత్తవి. నర్సు పిల్ల రూము మాట మళ్ల ఎత్తలే. నేను ఇష్టమొచ్చినప్పుడు గ్రైండరు వేసుకున్న, అటు హీటరు నడిచింది, నడిమిట్ల ఏసీ నడిచింది, ఏ ఫీజూ పోలే. ఎర్ర మూత తీస్కొచ్చి ఉప్పు డబ్బా మీద పెట్టుకున్న. సరిగ్గ పట్టింది.

రెండు రోజులైనంక తెలిసింది, పొద్దున నన్ను ఎవరూ ఏమీ అడుగుతలేరని. "అయిందా బిడ్డా" లేదు. గడప ఖాళీ. ఆమెను ఉంచుకోనీకే ఇంత చేసిన, ఆమె ఉంది, నా దగ్గరికి రాదాయె. సంతకం రోజు అన్న మాటలు మనసుల పెట్టుకున్నదేమో అనుకున్న. పోయి అడుగుదామంటే నా పొగరు. పిండి రుబ్బుకుంట ఏడ్చిన, నిజం చెప్తున్న.

ఆదివారం బండ్లోళ్లు పిండి వద్దన్నరు. ఏడింటిదాక పడుకున్న. తలుపు దబదబ. తీస్తే అవ్వ, ఆయాసపడుకుంట.

"మూత ఏది?" అన్నది.

"ఇంకా మూత ఎందుకవ్వా? మీటర్లు వేరైనయి గదా."

"మీటరు సంగతి నాకెందుకు! పొద్దున మేకు మీద మూత లేకుంటే నువ్వు లేచినట్టు. ఉంటే లేవనట్టు. ఇప్పుడు మూతే లేదాయె. నువ్వు బతికి ఉన్నవో లేదో నాకెట్ల తెల్వాలె? గ్రైండరు మోగుతదా అని రోజూ చెవి పెట్టి కూసుంటున్న. ఇయ్యాల అదీ మోగలే."

అప్పుడు యాదికొచ్చింది. జ్వరం నాడు మూత మేకుకే ఉండె. హీటరు కోసమే అయితే తీసుకొని పోవచ్చు, నా తలుపు ఎందుకు బాదాలె? గింత తెలివి నాకు లేకపాయె.

లోపలికి పోయి ఉప్పు డబ్బా మీది మూత తీసి, కడిగి, తుడిచి, మేకుకు తగిలేసిన. అవ్వ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇప్పుడు తియ్యి," అన్నది. "లేచినవ్ గదా."