ముక్కిన నూనె, జామ్ బిస్కెట్లు

“అంగడి ప్యాకెట్లు ఎందుకమ్మా? జామ్ బిస్కెట్లు నువ్వే చెయ్యొచ్చు కదా.”

“నా చేతికి అవి ఒప్పవు పావనీ. ఊరంతా చూసినారు.”

“ఒకసారి చెడిపోతే ఇంక జన్మలో చేసేది లేదా?”

“లేదు. హొసకోటలో ప్యాకెట్లు దొరుకుతాయి. రేపు సంఘమోళ్ళు మనింటికే వచ్చేది. నన్ను సతాయించొద్దు.”

నా కోడలు సరోజ, మనవరాలు పావని నిన్న సాయంత్రం ఇలా వాదించుకుంటుంటే నేను పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. తల ఎత్తలేదు. ఏడేండ్లుగా గొంతుకు అడ్డం పడిన మాట ఒకటి నా దగ్గర ఉంది. ఇంట్లో అందరినీ గదమాయించే దాన్ని, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం పిరికిదాన్ని. మూడో తరగతి దాకా నేర్చిన అక్షరాలతో రాస్తున్నాను. నా పేరు అడగొద్దు.

మా చేను సోలార్ కరెంటు కంపెనీ వాళ్ళ చేతికి వెళ్ళిన ఏడాది సంగతి ఇది. కలుపు తీస్తూ మాట్లాడుకునే ఆడవాళ్ళకు చేను లేకపోయాక, వారానికొకసారి బడి వరండాలో సంఘంగా కూర్చోవడం మొదలైంది. వంతుల ప్రకారం ఒకరు తినడానికి ఏదైనా తేవాలి. అందరూ బొరుగులో గుగ్గిళ్ళో తెచ్చేవాళ్ళు. సరోజ మాత్రం హిందూపురంలో బేకరీలో పనిచేసే వాళ్ళ చిన్నమ్మ దగ్గర నేర్చుకున్న జామ్ బిస్కెట్లు చేస్తానంది. పెద్ద గిన్నెలో ఇసుక పోసి పొయ్యి మీద కాల్చడం కూడా నేర్చుకుని వచ్చింది.

ఆ పొద్దున కొళాయికి నీళ్ళొచ్చాయి. మా ఊళ్ళో నీళ్ళొస్తే చేతిలో ఏ పనున్నా వదలాల్సిందే. పిండిలో వెన్న కలపమని నాకు చెప్పి సరోజ బిందెలతో పరుగెత్తింది. వారం రోజుల మీగడ చిలికి తీసిన వెన్న అది. అంతా ఒక్క పూట తిండికా అని నా కడుపు మండింది.

అటక మీద డబ్బాలో వేరుశనగ నూనె ఉంది. మా చేను కడసారి ఇచ్చిన కాయలు ఆడించి తెచ్చినది. ముక్కిపోయిందని నాకు తెలుసు. పారబోయడానికి రెండుసార్లు దించి, రెండుసార్లూ మళ్ళీ ఎక్కించాను. పారబోస్తే చేనును ఇంకోసారి పోగొట్టుకున్నట్టు ఉండేది. వెన్న తీసి దాచాను. ఆ నూనె పోసి పిండి కలిపాను. జామ్ తీపికి వాసన తెలియదనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అనుకోవాలని అనుకున్నానా? చేను మీద ప్రేమ అని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. సగం పిసినారితనమే. ఇంకొంచెం, కోడలి చేతిని ఊరు మెచ్చుకుంటుందేమోనన్న కుళ్ళు కూడా.

సరోజకు ఆ రోజు జలుబు. వాసన పట్టలేదు. ఒక్కో బిళ్ళనూ బొటనవేలితో నొక్కి, గుంటలో జామ్ పెట్టి, పళ్ళెంలో వరసగా సర్దుకుంది. చిన్నపిల్ల బొమ్మలు పేర్చుకున్నట్టు. అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు.

వరండాలో ఆడవాళ్ళు ఒక్క ముక్క కొరికి, మిగిలింది కొంగుల్లో ముడేసుకున్నారు. సోలార్ వాళ్ళకిస్తే బోల్టులకు గ్రీజులా పూసుకుంటారని ఒకామె అంది. అందరూ నవ్వారు. సరోజ కూడా నవ్వింది. ఇంటిదారిలో అడిగింది.

“అత్తా, నువ్వు కలిపేటప్పుడు ఏమన్నా వాసనొచ్చిండెనా?”

“నాకేం తెల్లేదు. నీ చేతికి ఇవి ఒప్పవేమోలేమ్మే.”

నూనె కంటే ఆ మాట చెడ్డది. సరోజ దాన్ని నమ్మింది. ఆ ఇసుక గిన్నెలో తర్వాత కోళ్ళకు నూకలు పోశాం.

దాచిన వెన్న కాచి, ఆ నెయ్యి అయిపోయే దాకా ఆమె సంగటి ముద్దలోనే వేశాను. అత్త మనసు మెత్తబడిందని వీధిలో చెప్పుకుని మురిసింది పిచ్చిది. దానికి నేను సిగ్గుపడ్డానా? పడ్డాను. అయినా చెప్పలేదు.

నిన్న మాత్రం “జన్మలో లేదా” అని పావని అడిగేసరికి చింతపండు పళ్ళెం కింద పెట్టాను. నూనె సంగతి చెప్పాను. వెన్న సంగతి, నెయ్యి సంగతీ చెప్పాను. నీ చేతిలో ఏ దోషమూ లేదమ్మే, ఆ మాట అన్న నోటిదే దోషం అన్నాను. సరోజ లేచి, కోళ్ళను గంప కింద మూయడానికి వెళ్ళింది. క్షమించమని నేను అడగలేదు. గొంతులో అడ్డం మాత్రం లేదు.

ఈ పొద్దున చూస్తే గిన్నె తోమి ఉంది, అడుగున కొత్త ఇసుక ఉంది. సరోజ పిండి ముందు కూర్చుంది, పక్కన వెన్న. అంతలో కొళాయికి నీళ్ళొచ్చాయని వీధిలో కేకలు వినపడ్డాయి. సరోజ కదల్లేదు.

“నువ్వు పో అత్తా,” అంది, తల ఎత్తకుండా.

బిందెలు తీసుకుని నేను పోయాను.