షాఫ్టు ఆర్కెస్ట్రా మళ్ళీ వాయించిన రోజు

పొద్దున ఆరున్నరకు గౌనిపల్లిలో శ్రీనివాసపురం బస్సు ఎక్కాను. ఇంట్లో మాత్రం బంగారుపేటలో పని ఉందని చెప్పాను. నిజానికి వెళ్తున్నది కె.జి.ఎఫ్.కు, పాత బంగారు గనుల ఊరికి. గనులు మూతపడ్డాక చెల్లాచెదురైన మా షాఫ్టు ఆర్కెస్ట్రా ఇన్నేళ్ళకు మళ్ళీ కచేరీ చేస్తోంది. ముందురోజు మా తోడల్లుడు ఫోన్లో పోస్టరు పంపాడు. అకార్డియన్ అని ఉన్నచోట మునిరత్నం పేరు ఉంది, నా పేరు లేదు. వేళ్ళతో పెద్దది చేసి, అడుగున ప్రెస్సు పేరు దాకా చదివాను.

ఆ ఆర్కెస్ట్రా పద్ధతి కొంచెం చెప్పాలి. షాఫ్టు అంటే గనిలోకి దిగే బావి. అందరం గని పనివాళ్ళమే కాబట్టి ఒక్కో వాయిద్యానికి ఇద్దరం ఉండేవాళ్ళం. రాత్రి షిఫ్టు వాళ్ళు కచేరీ మొదలుపెట్టేవారు. షిఫ్టు సైరన్ కూయగానే, పాట మధ్యలోనైనా సరే, లేచి వాయిద్యాన్ని పక్కకు చాపి పనికి వెళ్ళేవారు. పొద్దున షిఫ్టు ముగించుకున్నవాళ్ళు అందుకునేవారు. రెండోవాణ్ణి ఎవరూ పిలవరు, కబురూ పెట్టరు. సైరన్ వేళకు వాడు వేదిక పక్కన ఉండాలి, అంతే. అకార్డియన్‌కు, భుజాలకు తగిలించుకునే ఆ గాలిపెట్టెకు, మొదటివాడు మునిరత్నం, రెండోవాణ్ణి నేను. ప్రతి కచేరీ సగం విని సగం వాయించినవాణ్ణి, అందుకే నాకు దాన్ని మించిన ఆర్కెస్ట్రా లేదు. అయితే పోస్టరు మీద ఎప్పుడూ మొదటివాడి పేరే. ఆ రోజుల్లో సరే అనుకున్నాను. ఇప్పుడు షిఫ్టులు లేవు, గనే లేదు. ఇద్దరిలో ఒకడు చాలు, ఆ ఒకడు అతనే అన్నమాట.

శ్రీనివాసపురంలో ఇడ్లీ తిని కోలారు బస్సు ఎక్కేసరికి ఏడున్నర. రెండు బస్సులకూ కలిపి డెబ్బై రూపాయలు అయ్యాయి. ఆడవాళ్ళకు ఉచితం. పక్క సీటులో ఒకామె ఆధార్ కార్డు చూపించి సున్నా టిక్కెట్టు తీసుకుంటుంటే దానికి కూడా కుళ్ళుకున్నాను. ఆ రోజు నా బుద్ధి అట్లా ఉంది. కోలారు నుంచి బంగారుపేటకు ఇంకో బస్సు, అక్కడ తొమ్మిదిన్నరకు లోకల్ రైలు. కె.జి.ఎఫ్.లోని ఊరిగాంలో దిగి ఆటోలో రాబర్ట్‌సన్‌పేట చేరేసరికి పదిన్నర అయింది.

కచేరీ నాలుగింటికి. అంతసేపు ఏం చేయాలో తోచక పదకొండు గంటల ఆటకు సినిమా హాలులో కూర్చున్నాను. టిక్కెట్టు వంద. అందులో ఒకడు చాలా ఏళ్ళకు ఇంటికి వస్తాడు. లోపల వాడి పీట మీద వేరే ఎవడో కూర్చుని అన్నం తింటుంటాడు. వచ్చినవాడు గడప దాటడు, వీధిలోనే నిలబడతాడు. వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, వాడు కదలడు. అంతలో సినిమా అయిపోయింది. పక్కన, కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రవాడు, సెలవు రోజట, తృప్తిగా నిట్టూర్చాడు. నాకు అర్థం కానిది వాడికి అర్థమైందని తెలియగానే ఒళ్ళు మండింది.

"తలుపు తెరిచే ఉండాది కదప్పా, వాడు లోపలికి పోడెందుకు?" అని అడిగాను.

"వాణ్ణి ఎవురూ పిలవలేదు కదా అంకుల్."

"సొంతింటికి పిలుపేమి?" అన్నాను. వాడు నవ్వి వెళ్ళిపోయాడు.

మెస్సులో అరవై రూపాయలకు భోజనం చేసి, బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల పక్కగా నడిచి మూడున్నరకు పాత క్లబ్బు మైదానం చేరాను. కుర్చీలన్నీ నిండాయి. ఎవరి కంటా పడకుండా చిట్టచివర, స్పీకరు స్తంభం వెనక నిలబడ్డాను. నాలుగింటికి తెర లేచింది. మునిరత్నానికి తల పూర్తిగా నెరిసింది కానీ వేళ్ళకు మాత్రం వయసు రాలేదు. నా బొటనవేలు ఇప్పుడు సరిగ్గా వంగదు. కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూశాను. మూడో పాటలో ఒకచోట తప్పాడు. ఎవరూ గమనించలేదు, నేను మాత్రం సంతోషించాను. మాటిమాటికీ వేదిక పక్కకు చూస్తున్నాడు, అక్కడెవరో ఫోటోలు తీస్తున్నట్టు.

నా పక్కన చివరి కుర్చీలో ఒక పెద్దావిడ, శ్రీనివాసపురం నుంచి చెల్లెలి ఇంటికి వచ్చిందట, చప్పట్లు ఆపడం లేదు. "ఆ పెట్టె వాయించే ఆయన చూడప్పా, ఆయప్పకు సాటి ఎవురుండారు?" అంది.

ఇంక నిలవలేకపోయాను. ఐదో పాట మొదలవుతుండగా బయటికి వచ్చేశాను. ఐదు గంటల ఇరవై నిమిషాలకు కోలారు బస్సు దొరికింది. దారి పొడుగునా, నన్ను పిలిచి ఉంటే ఆ మూడో పాట ఎట్లా వాయించేవాణ్ణో మనసులో వాయించుకుంటూ వచ్చాను. కోలారులో కాఫీ తాగాను. ఏడింటికి శ్రీనివాసపురం మీదుగా వెళ్ళే గౌనిపల్లి బస్సు వచ్చి నిలిచింది. కూర్చున్న కాసేపటికి ఆ పెద్దావిడే ఎక్కి, నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చుంది.

"మధ్యలోనే వచ్చేస్తివి. ఆమీద ఒక తమాషా జరిగినాది" అంది.

ఏమిటని అడిగాను.

"మైకులో గని సైరన్ కూసినాదప్పా. పెట్టె ఆయన పాట మధ్యలో లేసి, పెట్టె ఇప్పి, రెండు చేతుల్తో పక్కకు చాపినాడు. ఎవురూ రాలా. డ్రమ్ము ఆయన కొడతానే ఉండాడు. ఆయప్ప అట్లే నిలబడినాడు. జనం కామెడీ అనుకోని నవ్వినారు."

"ఎంతసేపు?" అన్నాను.

"ఏమో. బస్సుకు టైమాయెనని నేను లేసినప్పుడు గూడా అట్లే చాపుకోని ఉండాడు."

ఆమె శ్రీనివాసపురంలో దిగిపోయింది. నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మునిరత్నం పక్కకు చూసింది ఫోటోల కోసం కాదు. ఇన్నేళ్ళూ నా కడుపుమంటలో నేను మరచిన పద్ధతిని అతను మరవలేదు. ఎనిమిదిన్నరకు గౌనిపల్లిలో దిగాను. బంగారుపేట పని అయిందా అని ఇంట్లో అడిగారు. కాలేదన్నాను.

కె.జి.ఎఫ్. వెళ్ళాలనుకునేవారికి బంగారుపేట నుంచి లోకల్ రైలే మేలు, చవక, సుఖం. కచేరీకి వెళ్తే మాత్రం చివర స్తంభం వెనక నిలబడకండి. వేదిక పక్కన నిలబడండి.